పద సమస్యలు చేయడం ఎలా: చదవడం దగ్గర్నుంచి సరిచూసుకోవడం దాకా

36 × 14 ఎంత అంటే తడుముకోకుండా చేసే పిల్లలు కూడా, అదే గుణకారం నాలుగు వాక్యాల్లో మాటలుగా వస్తే పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటారు. చివరికి అడిగేది ఒకటే: "ఇది కూడాలా, తీసెయ్యాలా?" వాళ్లకు కూడికలూ వచ్చు, తీసివేతలూ వచ్చు. రానిదల్లా వాక్యం చదివి గుర్తు దాకా రావడం. ఎక్కాలు ఎంత బాగా వచ్చినా ఆ దారి దానంతట అదే తెలియదు. విడిగా నేర్పాల్సిందే.

1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధన పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలు 97 మందికి ఒక లెక్క ఇచ్చారు. "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ కెప్టెన్ వయసెంత?" అందులో 76 మంది ఆ రెండు సంఖ్యలతోనే ఏదో ఒక వయసు తేల్చారు. వాళ్లు తెలివితక్కువ పిల్లలేం కాదు. లెక్క అంటే కనబడిన సంఖ్యల మధ్య ఏదో ఒక గుర్తు పెట్టడమేనని అలవాటైంది, అంతే. కింద చెప్పే పద్ధతిలో ప్రతి మెట్టూ ఆ అలవాటు వదిలించడానికే.

మొదటి మెట్టు: సంఖ్యలు లేకుండా చెప్పడం

ఈ లెక్క తీసుకుందాం.

"ఒక ట్యాంకులో 480 లీటర్ల నీళ్లున్నాయి. ఉదయం 8 గంటలకు కుళాయి తిప్పితే నిమిషానికి 12 లీటర్ల చొప్పున నీళ్లు బయటికి పోతున్నాయి. 25 నిమిషాల తర్వాత ట్యాంకులో ఎన్ని లీటర్లు మిగులుతాయి?"

దీన్ని మూడుసార్లు చదవాలి, ఒక్కోసారి ఒక్కో పని కోసం. మొదటిసారి ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి. చదివాక పుస్తకం మూసి, ఒక్క సంఖ్య కూడా వాడకుండా చెప్పాలి: "ట్యాంకులో నీళ్లున్నాయి. కుళాయి తిప్పారు. ఒకే వేగంతో పోతున్నాయి. కాసేపటికి ఎంత మిగిలిందో అడుగుతున్నారు." ఇలా చెప్పలేకపోతే పెన్సిల్ పట్టకూడదు, మళ్లీ చదవాలి. పిల్లలకు నేర్పేవారు ఒకపని చేయవచ్చు: సంఖ్యలున్న చోట్ల చిన్న కాగితం ముక్కలు అతికించి చదివించండి. పట్టుకోవడానికి సంఖ్య కనబడనప్పుడు బుర్ర తప్పనిసరిగా కథ మీదికి పోతుంది.

రెండోసారి ప్రశ్న కోసం చదవాలి. ఏం అడిగారో తెలిశాక, లెక్క మొదలుపెట్టక ముందే జవాబు వాక్యాన్ని ఖాళీతో రాసిపెట్టుకోవాలి: "25 నిమిషాల తర్వాత ట్యాంకులో ____ లీటర్లు మిగులుతాయి." ఈ ఒక్క పంక్తి చాలా మార్కులు కాపాడుతుంది. బయటికి పోయిన 300 లీటర్లు రాగానే అదే జవాబని గీత గీసేసే పొరపాటు దీంతో ఆగుతుంది. యూనిట్ మరచిపోవడమూ ఉండదు.

మూడోసారి సంఖ్యల కోసం చదవాలి. ప్రతి సంఖ్య పక్కన అది దేనిదో రాయాలి: 480 లీటర్లు – మొదట ఉన్నవి; 12 లీటర్లు – ఒక నిమిషానికి పోయేవి; 25 నిమిషాలు – కుళాయి తెరిచి ఉన్న సమయం. మరి 8 గంటలు? గడియారంలో వేళ. మనకు కావలసింది ఎంతసేపు అన్నది మాత్రమే కాబట్టి దీంతో పనిలేదు, కొట్టెయ్యాలి. లెక్కలో ఇచ్చిన సంఖ్యలన్నీ వాడాలన్న రూలేమీ లేదు. అలాగే కొన్నిసార్లు కావలసిన సంఖ్య అక్షరాల్లో దాక్కుంటుంది: డజను అంటే 12, వారం అంటే 7 రోజులు, చతురస్రం అంటే నాలుగు సమాన భుజాలు.

యూనిట్లు కలవకపోతే మార్చాల్సింది కూడా ఇప్పుడే. మీటర్లు, సెంటీమీటర్లు కలిసి ఉంటే ఏదో ఒకదానిలోకి తెచ్చుకోవాలి. రెండు చోట్ల చాలామంది జారతారు. 2.25 గంటలంటే 2 గంటల 15 నిమిషాలు, 2 గంటల 25 నిమిషాలు కాదు. ఒక చదరపు మీటరంటే 100 చదరపు సెంటీమీటర్లు కాదు, 10,000. పొడవూ వెడల్పూ రెండూ వంద రెట్లవుతాయి కదా.

ఎంత రావచ్చో ముందే ఊహించడం

నిమిషానికి 10 లీటర్లే పోయాయనుకుంటే 25 నిమిషాల్లో 250 పోతాయి. నిజానికి ఇంకొంచెం ఎక్కువే పోతాయి. అంటే 480లో సగానికి పైగా ఖాళీ అవుతుంది, మిగిలేది 240 కన్నా తక్కువ. ఇక లెక్క చేస్తే: 12 × 25 = 300 లీటర్లు పోయాయి. 480 − 300 = 180 లీటర్లు మిగిలాయి. మన ఊహతో సరిపోయింది. పొరపాటున 780 వచ్చి ఉంటే, ఉన్న నీళ్లకన్నా మిగిలినవి ఎక్కువెలా అవుతాయని అప్పుడే సందేహం వచ్చేది.

గుర్తు చూపే మాటలను నమ్మవద్దు

"మొత్తం అంటే కూడాలి, మిగిలిన అంటే తీసెయ్యాలి, ఎక్కువ అంటే కూడాలి" అని పిల్లలకు పట్టిక రాసిచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఎందుకో చూడండి:

"గీత దగ్గర 45 స్టాంపులున్నాయి. ఇవి రవి దగ్గరున్నవాటి కన్నా 18 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని ఉన్నాయి?"

"ఎక్కువ" చూసి కూడినవారికి 63 వస్తుంది. కానీ ఎక్కువున్నది గీత దగ్గర. రవివి 45 − 18 = 27. అలాగే "పాడైనవి 15 పోను 60 మిగిలాయి, మొదట ఎన్ని?" అన్నప్పుడు "పోను", "మిగిలాయి" రెండూ తీసివేతనే గుర్తుచేస్తాయి. చేయాల్సింది మాత్రం కూడిక, జవాబు 75.

మాటను బట్టి గుర్తు ఎంచుకోవద్దన్నాం కదా అని మాటలను పట్టించుకోకూడదనుకోవద్దు. మరింత శ్రద్ధగా చదవాలి. తెలుగు వాక్యంలో ఒక్క అక్షరం లెక్కనే మార్చేస్తుంది.

"ట్యాంకులో నీటిని 40 లీటర్లు తగ్గించారు" అంటే 40 తీసేశారు. "40 లీటర్లకు తగ్గించారు" అంటే ఇప్పుడు ఉన్నది 40. తేడా అంతా ఆ "కు"లోనే ఉంది. మొదట 100 ఉంటే ఒకదానిలో 60 మిగులుతాయి, ఇంకోదానిలో 40.

"కన్నా", "కంటే" ఎవరి పేరు పక్కన ఉంటే కొలత వాళ్లది. "గీత కన్నా రవి 6 సెంటీమీటర్లు పొట్టి" అంటే ముందు గీత ఎత్తుకు ఒక పట్టీ గీయాలి, తర్వాత దానికన్నా 6 తక్కువగా రవికి ఇంకో పట్టీ. వాక్యంలో పేర్లు అటూ ఇటూ మారి "రవి గీత కన్నా పొట్టి" అని వచ్చినా "కన్నా" గీత పేరును వదలదు.

"చొప్పున" రెండు వైపులా పనిచేస్తుంది. "8 వరుసల్లో వరుసకు 15 కుర్చీల చొప్పున" అంటే 8 × 15. "120 కుర్చీలను వరుసకు 15 చొప్పున వేస్తే ఎన్ని వరుసలు" అంటే 120 ÷ 15. ఈ మాట ఒక వరుసకు ఎంత అన్నదే చెబుతుంది. తెలియనిది మొత్తమా, వరుసల సంఖ్యా అన్నది మనం చూసుకోవాలి.

"3 రెట్లు" అంటే మూడుతో గుణించడం, అందులో అనుమానం లేదు. "3 రెట్లు ఎక్కువ" అన్నప్పుడు మాత్రం కొందరు మూడు రెట్లనీ, కొందరు ఉన్నదానికి మరో మూడు రెట్లు కలిపి నాలుగనీ అర్థం చేసుకుంటారు. లెక్కలు తయారుచేసేవారు ఈ మాట మానేయడం మంచిది.

బొమ్మ గీయడం

బొమ్మ అంటే చిత్రలేఖనం కాదు, పట్టీలు చాలు. సింగపూర్ ప్రాథమిక పాఠాల్లో 1980ల నుంచి ఈ పట్టీల బొమ్మలనే వాడుతున్నారు. ప్రతి మొత్తానికీ ఒక దీర్ఘచతురస్రపు పట్టీ. ఎక్కువ ఉంటే పొడుగు, తక్కువ ఉంటే పొట్టి. తెలిసినవి పట్టీలో రాయాలి, తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టాలి. పట్టీలన్నీ ఎడమవైపు ఒకే చోట మొదలవ్వాలి. ఇది మరిస్తే తేడా ఎక్కడుందో కంటికి కనబడదు.

భిన్నాల లెక్కల్లో ఈ పట్టీ ఎంత పనికొస్తుందో ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం.

"240 పేజీల పుస్తకంలో మొదటిరోజు 1/4 వంతు చదివారు. రెండోరోజు మిగిలినదానిలో 2/5 వంతు చదివారు. ఇంకా ఎన్ని పేజీలున్నాయి?"

చాలామంది 1/4, 2/5 కూడి 13/20 అంటారు. 240లో 13/20 వంతు 156, మిగిలినవి 84. కూడికలో, తీసివేతలో ఎక్కడా తప్పులేదు, జవాబే తప్పు. 1/4 వంతు 240లో, 2/5 వంతు 180లో. వేర్వేరు మొత్తాల వంతులను నేరుగా కూడకూడదు.

పట్టీ గీస్తే ఇదంతా వివరించాల్సిన పనే లేదు. 240ని నాలుగు సమాన గళ్లు చేయండి, ఒక్కో గడి 60. ఒక గడికి అడ్డగీతలు కొట్టెయ్యండి, మూడు గళ్లు మిగిలాయి, 180. ఆ 180కి కింద విడిగా కొత్త పట్టీ గీసి ఐదు గళ్లు చేయండి, ఒక్కోటి 36. రెండు గళ్లు, అంటే 72 కొట్టేస్తే మూడు గళ్లు, 108 పేజీలు మిగిలాయి.

అదే లెక్కను తిప్పి "చివరికి 108 పేజీలు మిగిలాయి, పుస్తకం మొత్తం ఎన్ని పేజీలు?" అని అడిగినా అదే బొమ్మను కింది నుంచి పైకి చదివితే సరి. మూడు గళ్లు 108 అయితే గడికి 36, ఐదు గళ్లు 180. ఆ 180 పై పట్టీలో మూడు గళ్లు, గడికి 60, నాలుగు గళ్లు 240. సమీకరణం రాయడం రాని ఐదో తరగతి పిల్లలు కూడా ఇది చేసేస్తారు.

రాసే పద్ధతి

ఒక పంక్తికి ఒకే పని. ప్రతి పంక్తి పక్కన ఆ వచ్చినది ఏమిటో రాయాలి. "12 × 25 = 300 − 480 = 180" లాంటి గొలుసులు రాయకూడదు. సమానం గుర్తుకు రెండు వైపులా ఉన్నవి ఒకటే కావాలి. 12 × 25, 300 − 480 సమానం కావు. చిన్న తరగతుల్లో ఇది చూసీ చూడనట్టు వదిలేస్తే, ఆరు, ఏడు తరగతుల్లో సమీకరణాలు వచ్చినప్పుడు అదే పెద్ద చిక్కవుతుంది.

సమీకరణం రాసేటప్పుడు అక్షరం దేనికి నిలబడిందో ముందు ఒక వాక్యంలో రాయాలి. "విద్యార్థుల సంఖ్య అధ్యాపకుల సంఖ్యకు 6 రెట్లు" అన్నదాన్ని సమీకరణంగా రాయమంటే, అమెరికాలో 1980ల మొదట్లో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థుల్లోనే 37 శాతం తప్పు రాశారు. విద్యార్థుల సంఖ్య వి, అధ్యాపకుల సంఖ్య అ అనుకుంటే, తప్పుల్లో ఎక్కువగా కనబడింది తలకిందులు చేయడం: 6వి = అ. ఇక్కడ "వి"ని విద్యార్థుల సంఖ్యగా కాకుండా "విద్యార్థి" అనే మాటకు పొట్టిరూపంగా చదువుకుంటున్నారు. చిన్న సంఖ్య పెట్టి చూస్తే వెంటనే తేలిపోతుంది. అధ్యాపకులు 10 మంది అయితే విద్యార్థులు 60. వి = 6అ సరిపోతుంది, 6వి = అ సరిపోదు.

ఎక్కువగా తప్పు జరిగే రకాలు

వయసుల లెక్కలు. "తల్లికి 36, కూతురికి 8. ఎన్నేళ్లకు తల్లి వయసు కూతురి వయసుకు 3 రెట్లవుతుంది?" ఏళ్లు ఇద్దరికీ పెరుగుతాయి. తల్లికి మాత్రమే కలపడం ఇక్కడ మామూలు తప్పు. ఎన్నేళ్లయినా మారనిది వాళ్ల మధ్య తేడా: 28. తల్లి వయసు మూడు పట్టీలు, కూతురిది ఒకటి అయితే తేడా రెండు పట్టీలు. రెండు పట్టీలు 28, ఒకటి 14. కూతురికి 14 వచ్చేది 6 ఏళ్లకు, అప్పుడు తల్లికి 42. సరిపోయింది. వయసుల లెక్క ఏదైనా ముందు తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

పని, రోజులు. "6 మంది 10 రోజుల్లో చేసే పనిని 15 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు?" అలవాటు కొద్దీ త్రైరాశికం (6 మందికి 10 అయితే 15 మందికి ఎంత అని అదే నిష్పత్తిలో పెంచడం) వేసి 25 రోజులు తెచ్చేవారుంటారు. మనుషులు పెరిగితే రోజులు తగ్గాలి కదా అన్న ఒక్క ప్రశ్నతో ఆ జవాబు పడిపోతుంది. ఒక్కరే చేస్తే 6 × 10 = 60 రోజులు. 15 మంది పంచుకుంటే 60 ÷ 15 = 4. అందరూ ఒకే వేగంతో పనిచేస్తారని లెక్క అనుకుంటోంది, అది మాటల్లో చెప్పరు. కుళాయిల లెక్కా ఇంతే: ఒకటి 6 గంటల్లో, ఇంకోటి 3 గంటల్లో నింపితే, గంటకు ఒకటి 1/6, ఇంకోటి 1/3, రెండూ కలిసి 1/2 వంతు నింపుతాయి, కాబట్టి 2 గంటలు. గంటలను కూడకూడదు, సగటు తీయకూడదు. గంటలో జరిగే పనిని మాత్రమే కూడవచ్చు.

సరాసరి వేగం. 120 కిలోమీటర్ల దూరం వెళ్లేటప్పుడు గంటకు 60, వచ్చేటప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగం. సరాసరి 50 అనిపిస్తుంది. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3, మొత్తం 240 కిలోమీటర్లు 5 గంటల్లో, కాబట్టి 48. నెమ్మదిగా వచ్చిన సమయం ఎక్కువ కాబట్టి సరాసరి 40 వైపు జరిగింది.

శాతాలు. ధర 20 శాతం పెంచి, తర్వాత 20 శాతం తగ్గిస్తే మళ్లీ మొదటికే రాదు. 100 కాస్తా 120 అవుతుంది, 120లో 20 శాతం 24, చివరికి 96. శాతం ఎప్పుడు కనబడినా "దేనిలో?" అని అడగాలి.

చెట్లు, స్తంభాలు. 100 మీటర్ల దారిలో రెండు చివర్లతో సహా 10 మీటర్లకొకటి నాటితే కావలసినవి 10 కాదు, 11. ఖాళీలు పది, చెట్లు పదకొండు. 3వ తేదీ నుంచి 9వ తేదీ వరకు రెండు రోజులూ కలుపుకుంటే 7 రోజులు కావడమూ ఇందుకే.

శేషం వస్తే ఏం చేయాలి

అమెరికాలో 1980ల మొదట్లో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన లెక్క ఇది: ఒక బస్సులో 36 మంది పడతారు. 1128 మందిని తీసుకెళ్లాలంటే ఎన్ని బస్సులు కావాలి? 1128 ÷ 36 భాగఫలం 31, శేషం 12. భాగహారం 70 శాతం మంది సరిగ్గానే చేశారు. జవాబు 32 అని రాసినవారు 23 శాతమే. 29 శాతం "31, శేషం 12" అని రాశారు, 18 శాతం 31 దగ్గరే ఆగారు. ఆ 12 మందిని వదిలేసి వెళ్లలేం కదా!

శేషాన్ని ఏం చేయాలో భాగహారం చెప్పదు, కథే చెబుతుంది. బస్సులైతే ఒకటి పెంచాలి. 50 మీటర్ల తాడులో 8 మీటర్ల ముక్కలు ఎన్ని వస్తాయంటే 6, మిగిలిన 2 మీటర్లు వదిలెయ్యాలి. 50 లీటర్ల నీటిని 8 పాత్రల్లో సమంగా పోస్తే ఒక్కోదానిలో 6.25 లీటర్లు. 50 రోజులంటే ఎన్ని వారాలు, ఎన్ని రోజులు అని అడిగితే 7 వారాల 1 రోజు, ఇక్కడ శేషమే జవాబులో భాగం.

సరిచూసుకోవడం

చేసిన లెక్కనే పైనుంచి కిందికి మళ్లీ చదివితే అదే తప్పు మళ్లీ కళ్లముందు నుంచి జారిపోతుంది. జవాబును తీసుకెళ్లి ప్రశ్నలో పెట్టాలి. రవి దగ్గర 27 ఉంటే, గీత దగ్గర 18 ఎక్కువ, అంటే 45. లెక్కలో ఇచ్చిందీ అదే. 63 పెట్టి చూడండి: గీత దగ్గర 81 ఉండాలి, కానీ లెక్క 45 అంటోంది. ఇలా చూడటానికి అర నిమిషం పట్టదు. తర్వాత మొదట రాసుకున్న ఖాళీ వాక్యంలో జవాబు నింపి, ఆ వాక్యం పైకి చదవాలి. "31.33 బస్సులు కావాలి" అని పైకి చదివితే ఎవరికైనా ఆగాలనిపిస్తుంది.

ముందుకు సాగకపోతే

సంఖ్యలు పెద్దవిగానో, దశాంశాలుగానో ఉంటే వాటి చోట చిన్న పూర్ణసంఖ్యలు పెట్టి అదే కథ చేయాలి. "0.75 లీటరుకు 12.6 కిలోమీటర్లు నడిచే బండి 1 లీటరుకు ఎంత నడుస్తుంది?" అన్నప్పుడు గుణించాలా, భాగించాలా తేలకపోతే, "2 లీటర్లకు 20 కిలోమీటర్లు, 1 లీటరుకు ఎంత?" అని మార్చండి. 10 అని నోటికే వస్తుంది. అంటే కిలోమీటర్లను లీటర్లతో భాగించాం. అసలు లెక్కలోనూ అదే: 12.6 ÷ 0.75 = 16.8. ఒకటి కన్నా తక్కువ సంఖ్యతో భాగిస్తే జవాబు పెరుగుతుంది. ముప్పావు లీటరుకే 12.6 నడిస్తే, పూర్తి లీటరుకు అంతకన్నా ఎక్కువే నడవాలి.

అప్పటికీ తోచకపోతే ఊహించి పట్టిక వేయడం తప్పేమీ కాదు. "కోళ్లు, కుందేళ్లు కలిపి 20 తలలు, 56 కాళ్లు" అంటే అన్నీ కోళ్లే అనుకోండి, 40 కాళ్లు. 16 తక్కువ పడ్డాయి. ఒక కోడిని తీసి కుందేలును పెడితే 2 కాళ్లు పెరుగుతాయి, కాబట్టి అలా 8 సార్లు మార్చాలి: 8 కుందేళ్లు, 12 కోళ్లు. 32 + 24 = 56.